మగతగా ఉంటే ఇవ్వొద్దు

"నర్సు ఉన్న ఇంట్లో ఇలా ఎలా జరిగిందక్కా?"

పొద్దున్నే తండ్రిని స్ట్రెచర్ మీద ఐసీయూలోకి తోసుకుపోయినప్పటి నుంచి తమ్ముడు తిప్పి తిప్పి అదే అడుగుతున్నాడు. తలుపు బయట ఇనప కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ ఎవరి దిగుల్లో వాళ్ళు పడ్డారు.

"మెల్లిగా మాట్లాడరా. ఇది ఆసుపత్రి."

"ఆసుపత్రని నాకూ తెలుసు. నీ అంత తెలియకపోవచ్చు."

ఆ దెప్పు నర్సమ్మకి తగలాల్సిన చోటే తగిలింది.

నర్సమ్మ అన్నది టైలరైన తండ్రి పెట్టిన పేరు. ఇదే ఆసుపత్రిలో నరాల వార్డులో ఆమెకు ఉద్యోగం వచ్చినప్పుడు, కోటు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ కొలతలు తీసుకుంటున్నంతసేపూ టైలరు ఆ సంగతే చెప్పేవాడు. మెడ చుట్టూ టేపు వేసి పట్టుకున్నాక వినక చస్తారా? అందరూ విన్నారు. ఆ పేరు ఇంట్లోనూ వీధిలోనూ స్థిరపడిపోయింది.

"మేం లిఫ్టు ఆగిపోతే ఒక్కో వైరూ చూసుకుంటూ పోతాం. ఎక్కడో ఓ చోట కారణం దొరుకుతుంది. ఊరికే ఆగదు" అన్నాడు తమ్ముడు. అతను లిఫ్టు మెకానిక్కు. పని మీద వేరే ఊరు వెళ్ళి నిన్న సాయంత్రమే దిగాడు. "మాత్రలు డబ్బాలో సర్దేది నువ్వు. వేళకి వేసేది అమ్మ. మరి ఫిట్స్ ఎందుకొచ్చాయి? చెప్పు."

"ఒక్కోసారి మందు వేస్తున్నా వస్తాయిరా."

"వచ్చినా ఆగాలి కదా. ఇంజెక్షన్ చేశాక కూడా ఆగకపోవడం ఏంటి? చివరికి గొంతులో గొట్టం వేశారు. మన నాన్నకి!"

ఆ ప్రశ్నే నర్సమ్మనూ లోపల తొలిచేస్తోంది. ఫిట్స్ వచ్చిన మనిషిని ఒక పక్కకి తిప్పడం, పళ్ళ మధ్య చెంచా దూర్చబోయే చుట్టాలను ఆపడం, మందు ఎక్కిస్తూ ఛాతీ ఎలా లేచి పడుతోందో చూడటం ఆమెకు రోజూ చేసే పనే. కానీ ఈ రోజు స్ట్రెచర్ మీద ఉన్నది తన తండ్రి. డ్యూటీలో ఉండి ఎదురెళ్ళి చూస్తే, చొక్కా గుండీలు తెగిపోయి, నురగతో, విల్లులా బిగుసుకుపోయి ఉన్నాడు.

నరాల డాక్టరు ఆమెను మొదట అడిగింది ఒకటే. "మాత్రలు ఏమైనా తప్పాయా సిస్టర్?"

"మా ఇంట్లో మాత్ర తప్పదు సార్."

క్షణం కూడా ఆలోచించకుండా చెప్పింది. వేరే ఎవరైనా ఆ మాట అంటే డాక్టరు మళ్ళీ అడిగేవాడు, పక్కనున్న మనిషిని అడిగేవాడు. సిస్టరు చెప్పింది కనుక అడగలేదు. "అయితే మందు ఒంట్లో ఉంది. నరంలోకి అదే మందు పూర్తి డోసు పోస్తే గుండె మీద పడుతుంది. సగం ఇద్దాం" అన్నాడు. సగం ఇచ్చారు. ఫిట్స్ ఆగలేదు. మత్తు మందు పెంచారు. మత్తుకి ఊపిరి మందగించింది. యంత్రం పెట్టారు. రక్తంలో మందు ఎంతుందో చూసే పరీక్ష బయటి ల్యాబులో చెయ్యాలి, రేపటికి గానీ రాదు.

చివరి కుర్చీలో తల్లి కూర్చుని ఉంది. ఒళ్ళో టైలరు కొలతల టేపు. దాన్ని వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది. ఆయన పడిపోయినప్పుడు అది మెడలో ఉందట. అంబులెన్సులో తీసి ఆవిడ చేతికిచ్చారు.

ఎన్నో నెలలుగా టేపు ముట్టుకోని మనిషి మెడలోకి అది ఎలా వచ్చిందని అక్కకి గానీ తమ్ముడికి గానీ అనుమానం రాలేదు. అలాంటి సమయాల్లో కళ్ళ ముందున్నదే కనపడదు.

లోపలి నుంచి ఐసీయూ ఇంచార్జి సిస్టరు వచ్చి నర్సమ్మ భుజం పట్టుకుంది. "రాత్రంతా డ్యూటీ చేశావు. అమ్మని తీసుకుని ఇంటికెళ్ళు. స్నానం చేసి, ఏమన్నా తిని రా. ఇక్కడ నేనున్నాను కదా."

"నేను ఉంటాన్లే సిస్టర్."

"ఉండి ఏం చేస్తావు? ఇక్కడ నువ్వు నర్సువి కాదు ఇప్పుడు."

ఆ మాట ప్రేమగానే అంది. అయినా తమ్ముడి దెప్పు కన్నా అదే ఎక్కువ నొప్పి పుట్టించింది.

*

ఇంటి ముందు గదే దుకాణం. పొడుగాటి కటింగ్ బల్ల, కిటికీ పక్కన మిషను, బరువైన ఇస్త్రీ పెట్టె, గోడకి కొట్టిన కొక్కేలకు సుద్ద గీతలతో సగం సగం కోట్లు. అటక మీది నుంచి గుడ్డ తాను దించబోయి టైలరు పడిపోయిన రోజున ఆ గది ఎక్కడికక్కడ ఆగిపోయింది. తలకి దెబ్బ తగిలింది. దెబ్బ మానింది, ఫిట్స్ మొదలయ్యాయి. ఫిట్స్‌కి మాత్ర మొదలుపెట్టారు. అవి ఆగాయి, వాటితో పాటు మనిషీ ఆగిపోయాడు.

వేళ్ళు వణికేవి. నడిస్తే ఒక పక్కకి తూలేవాడు. ఒక్క సూది రెండుగా కనపడుతోందని ఒకరోజు దారం ఎక్కించబోయి, సూదిని బల్లకి గుచ్చి లేచిపోయాడు. ఆ తర్వాత మిషను వైపు వెళ్ళలేదు. పగలంతా కుర్చీలో కునికేవాడు. పలకరిస్తే "ఆఁ" అనేవాడు. ఏది అడిగినా ఆ ఒక్క "ఆఁ" తోనే సరి.

ఇప్పుడు మిషను కింద ముక్కాలి పీట బోర్లా పడి ఉంది. తండ్రి పొద్దున పడింది ఇక్కడే. నర్సమ్మ వంగి పీట నిలబెట్టింది. నిలబెడుతూ మిషను మీద ఉన్నది చూసింది.

అది తన కోటే. నైట్ డ్యూటీకి వెళ్ళేటప్పుడు చలేస్తుందని దెబ్బ తగలక ముందు తండ్రి మొదలుపెట్టిన ముదురు నీలం ఉన్ని కోటు. రెండు చేతులూ అతకకుండా ఇన్నాళ్ళూ కొక్కేనికి మొండిగా వేలాడింది. ఇప్పుడు ఒక చెయ్యి అతికి ఉంది.

కోటు పనిలో కష్టమంతా అక్కడే ఉంటుంది. చేతి గుడ్డ కాస్త ఎక్కువగా ఉంటుంది, భుజం దగ్గర రంధ్రం కాస్త తక్కువ. ఆ ఎక్కువను ముడత పడకుండా అణువణువునా సర్దుకుంటూ కుట్టాలి. నర్సమ్మ ఆ కుట్టు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. ఎక్కడా వేలికి అడ్డు తగల్లేదు.

వణికే చెయ్యి ఆ కుట్టు వెయ్యలేదు. ఒక సూది రెండుగా కనపడే కన్ను ఆ కుట్టు వెయ్యలేదు.

"అమ్మా."

వంటింట్లో కుళాయి కట్టేసిన చప్పుడు వినపడింది.

"ఇదెవరు కుట్టారు?"

తల్లి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. తడి చేతులు తుడుచుకోలేదు. "ఆయనే."

"ఎప్పుడు?"

"మొన్న మొదలుపెట్టారు. ఈ వేళ పొద్దున నేను లేచేసరికే వచ్చి కూర్చున్నారు. రెండో చెయ్యి కూడా అయిపోతే నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి తొడిగి చూపిద్దామన్నారు. నీకు చెప్పొద్దన్నారు."

నర్సమ్మ కటింగ్ బల్ల అంచు పట్టుకుంది. ఈ వారం తండ్రి బాగా తేరుకున్నాడని తనూ గమనించింది. పొద్దున నిద్రమొహంతో ఇంటికి వచ్చినప్పుడు "నర్సమ్మా, ఎంతమందిని పొడిచొచ్చావు?" అని హాస్యమాడాడు కూడా. మందు ఒంటికి పడుతోందని మురిసిపోయింది. వార్డులో నలుగురికీ చెప్పుకుంది. చెప్పుకుని, వచ్చి పడుకుంది.

"అమ్మా, మాత్ర వేస్తున్నావా?"

తల్లి చూపు కిటికీ వైపు తిప్పుకుంది.

"నిన్నే అడుగుతున్నాను. ఫిట్స్ మాత్ర వేస్తున్నావా, లేదా?"

"నువ్వే చెప్పావుగా."

"ఏం చెప్పాను?"

"మగతగా ఉంటే ఇవ్వొద్దని."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"అది నిద్రమాత్ర గురించమ్మా!" అని అరిచింది నర్సమ్మ. "ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తల్లో రాత్రిళ్ళు లేచి తిరుగుతున్నారని ఇచ్చారు చూడు, దాని గురించి. అది ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. అందుకని ముందు పిలిచి చూడు, లేవకపోతే ఇవ్వొద్దు అన్నాను. ఆ మాత్రని మెల్లగా తగ్గించి ఎప్పుడో తీసేశారు కదా! మిగిలింది ఫిట్స్ మాత్ర ఒక్కటే. దాన్ని ఎవరైనా ఉన్నట్టుండి ఆపుతారా?"

"మాత్ర తీసేశారు. నీ మాట తియ్యలేదు" అంది తల్లి. "పిలిచి చూడమన్నావు, పిలిచాను. పేరు అడగమన్నావు, అడిగాను. గుండెల మీద చెయ్యి పెట్టి ఊపిరి లెక్కపెట్టమన్నావు, గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాను. ప్రతిసారీ అలాగే చేశాను. నువ్వు నేర్పినట్టు చేస్తున్నానని నాకు ఎంత గొప్పగా ఉండేదో నీకు తెలియదు."

"నాకు ఫోన్ చెయ్యమన్నాను కదా!"

"చేశాను. మొదటి రోజు చేశాను. నువ్వు ఎత్తలేదు."

డ్యూటీలో ఫోను లాకర్లో ఉంటుంది. పొద్దున చూసుకుంటే తల్లి నుంచి ఫోను వచ్చినట్టు ఉంది. ఎలాగూ ఇంటికే పోతున్నాను కదా అనుకుంది. ఇంటికి వచ్చింది. అడగడం మర్చిపోయింది.

"ఆ రోజు ఎంత లేపినా కళ్ళు తెరవలేదు" అంటోంది తల్లి. "భయమేసి ఆపేశాను. మర్నాడు కాస్త తెరిపిగా కనపడ్డారు. ఆ మర్నాడు మంచినీళ్ళు ఆయనే లేచి తాగారు. తూలలేదు."

"అప్పుడైనా మళ్ళీ మొదలుపెట్టాలి కదమ్మా. మగత పోయాక ఎందుకు వెయ్యలేదు?"

తల్లి తడి చేతుల్ని ఒకదానితో ఒకటి పట్టుకుని నిలబడింది.

"మొదటి రోజు నీ మాట ప్రకారం ఆపాను. మిగతా రోజులు నా ఆశ కొద్దీ ఆపాను. ఏడిస్తే ఏడువు, తిడితే తిట్టు. ఎన్ని నెలలయిందే ఆ మనిషి నన్ను పేరు పెట్టి పిలిచి? పిలిచారు. కిటికీ తీయమని, వెలుతురు చాలట్లేదని కసిరారు. కసిరితే నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. సూదిలో దారం ఎక్కించి, వేలికి చుట్టి, బొటనవేలితో ఇలా నలిపి ముడేసి, చూశావా అన్నట్టు నా వైపు చూసి నవ్వారు. ఆ ముడి చూశాక ఆ మాత్ర ఎలా వెయ్యమంటావు?"

"మరి మాత్రల డబ్బా రోజూ ఖాళీగా ఎలా ఉంది?"

తల్లి మిషను పక్కనున్న గుండీల డబ్బా వైపు చూసింది. నర్సమ్మ మూత తీసింది. నల్ల గుండీలు, గోధుమ రంగు గుండీలు, వాటి మధ్య తెల్లటి మాత్రలు. రంధ్రాలు లేని గుండీల్లా ఉన్నాయి.

"నువ్వు చూస్తే కోప్పడతావని" అంది తల్లి.

"కోప్పడనా? నీకు నచ్చినట్టు మాత్రలు ఆపుకుంటే కోప్పడనా? రోజూ మా వార్డుకి ఇలాంటివాళ్ళే వస్తారు. బాగుంది కదా అని ఆపేశామండీ అంటారు. బయటికి వచ్చి మేం నవ్వుకుంటాం, చదువుకోని జనం అని. నా ఇంట్లోనే, నా తల్లే!"

"నవ్వుకో."

నర్సమ్మ గుండీల డబ్బా మూత పెట్టేసింది.

తల్లి కొంగలా ఒంటికాలి మీద బరువు వేసి తలుపుకి ఆనుకుంది, మోకాలు నొప్పి ఉన్నప్పుడు అలాగే నిలబడుతుంది. "మగతగా ఉంటున్నారని నేను నీకు చెప్పలేదా? రెండుసార్లు చెప్పాను. ఏమన్నావు? మందు అలవాటు కావాలి, కొన్నాళ్ళు ఓర్చుకోవాలి అన్నావు. తూలుతున్నారని చెప్పాను. తలకి దెబ్బ తగిలిన వాళ్ళు అంతే అన్నావు. నువ్వు పెద్ద చదువు చదివావు, నేనేం అంటాను?"

నర్సమ్మ కళ్ళు మూసుకుంది. తూలడం, కంటికి రెండుగా కనపడటం, కునుకుపాట్లు. ఆ ఫిట్స్ మాత్ర, ఫెనిటాయిన్, ఒంట్లో ఎక్కువైతే ఏం జరుగుతుందో కొత్తగా వచ్చిన నర్సులకి తనే చెబుతుంది, ఇవే చెబుతుంది. వార్డులో ఏ మంచం మీద కనపడినా ఆ పూటే డాక్టరుకి చెప్పేది. రక్తం తీసేవాళ్ళు. డోసు తగ్గించేవాళ్ళు. ఎవరూ ఏదీ ఆపాల్సిన అవసరం వచ్చేది కాదు. తల్లి చూడాల్సింది చూసింది, చెప్పాల్సినప్పుడు చెప్పింది. వినాల్సిన మనిషి నిద్రపోతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. సగం డోసు.

ఫోను తీసి ఐసీయూకి చేసింది. వేళ్ళు జారి రెండుసార్లు తప్పు నొక్కింది. డాక్టరు లైనులోకి వచ్చాడు.

"సార్, నాన్నకి... ఈ వారం మాత్రలు పడలేదు సార్. అసలు పడలేదు."

అటు వైపు యంత్రాల కీచు శబ్దం వినపడుతోంది.

"పొద్దున మీరే చెప్పారు కదా సిస్టర్, తప్పలేదని."

"చెప్పాను సార్."

"మీరు చెప్పబట్టే నేను సగం ఇచ్చాను."

"తెలుసు సార్."

డాక్టరు తిట్టినా బాగుండేది. "మిగతాది ఇప్పుడు మొదలుపెడతాను" అని పెట్టేశాడు.

నర్సమ్మ ఫోను దించి చూస్తే తల్లి దగ్గరికి వచ్చి ఉంది. అంతా విన్నది.

"ఆయన అడిగినప్పుడు నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను" అంది తల్లి మెల్లగా. "స్ట్రెచర్ పట్టుకుని ఉన్నాను. అడిగితే చెప్పేదాన్నే. నోరు తెరవబోయాను కూడా. నువ్వు నా వైపు చూడనైనా లేదు."

*

వాళ్ళు తిరిగి వెళ్ళేసరికి తమ్ముడు అదే కుర్చీలో ఉన్నాడు. ముఖం చూస్తేనే తెలుస్తోంది, డాక్టరు అతనితో మాట్లాడాడని.

"ఎవరు ఆపారు?"

నర్సమ్మ ఏదో చెప్పబోయింది.

"నేనేరా" అంది తల్లి.

అతను అరుస్తాడనుకున్నారు ఇద్దరూ. అరవలేదు. లేచి, నాలుగు కుర్చీలు దాటి అవతల గోడ పక్కన కూర్చున్నాడు. చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. తల్లి అతని వైపు రెండడుగులు వేసింది.

"ఇప్పుడు వద్దమ్మా" అన్నాడు తలెత్తకుండానే. "నీకు తెలియని పనుల్లో ఎందుకు వేలు పెట్టావమ్మా? తెలిసినవాళ్ళు ఉన్నారు కదా ఇంట్లో."

"అమ్మని అనకు" అంది నర్సమ్మ. "తెలిసినదాన్ని నేనే అడగలేదు. అమ్మని అడగకుండా డాక్టరుకి నేనే జవాబు చెప్పాను. మందు సగం పోయించింది నా నోరే."

తమ్ముడు అప్పుడు తల ఎత్తాడు. అక్క వంక చూశాడు, తల్లి వంక చూశాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేలక అతని ముఖం చిన్నప్పటి ముఖంలా అయిపోయింది.

"అయితే నేను ఎవరిని తిట్టాలి?" అన్నాడు.

ముగ్గురూ మూడు చోట్ల కూర్చున్నారు. ఒకే ఇంటి మనుషులని చూసినవాళ్ళు అనుకోరు.

లోపల ఇంచార్జి సిస్టరు మంచం పక్కనే కూర్చుని, కళ్ళు తెర మీది గుండె గీత నుంచి తిప్పకుండా, మందు చుక్క చుక్కగా వెళ్ళనిచ్చింది. తొందరపడితే గుండె నెమ్మదించే మందు అది. అద్దంలోంచి చూస్తున్న నర్సమ్మకి ఆ పని తన చేతుల్లోకి లాక్కోవాలనిపించింది. అక్కడే నిలబడింది. సాయంత్రానికి, తల మీద అతికించిన తీగలు గీస్తున్న మెదడు గీతల్లో తుపాను తగ్గింది. ఫిట్స్ ఆగాయన్నారు.

"మెదడు ఎంత తట్టుకుందో, లేపితే గానీ తెలియదు" అన్నాడు డాక్టరు. నర్సమ్మ ముఖం చూడకుండా, తమ్ముడికి చెప్పాడు. "రేపు మత్తు తగ్గించి చూద్దాం."

*

మర్నాడు ఎండ బాగా ఎక్కాక మత్తు తగ్గించారు. తల మీది తీగలు అప్పటికే తీసేశారు. మెదడు గీతలు చూపే ఆ యంత్రం ఆసుపత్రిలో ఒక్కటే ఉంది, పక్క మంచానికి కావలసి వచ్చింది. ల్యాబు నుంచి కబురు కూడా వచ్చింది: నిన్న మందు ఎక్కించకముందు తీసిన రక్తంలో అది దాదాపు లేదట.

ఇద్దర్ని లోపలికి రానిచ్చారు. తమ్ముడు అద్దం అవతల నిలబడ్డాడు.

నర్సమ్మ వంగి తండ్రి చెవి దగ్గర పిలిచింది. "నాన్నా. నాన్నా, నేను నర్సమ్మని. కళ్ళు తెరువు."

ఏమీ లేదు. యంత్రం ఊపిరి పోస్తోంది, తీస్తోంది. గొట్టం అంచున పెదవి వాచిపోయింది. కుట్టు పని చేసే మనిషి కదా, గోళ్ళు ఎప్పుడూ శుభ్రంగా కత్తిరించుకుని ఉంటాయి. ఇప్పుడూ అలాగే ఉన్నాయి.

"నా వేలు నొక్కు నాన్నా. నొక్కగలవా?"

తల్లి వల్ల కాలేదు. కూతుర్ని కాస్త పక్కకి జరిపి, టైలరు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఏమండీ. కోటు నేను జాగ్రత్తగా మడిచి పెట్టానండీ. రెండో చెయ్యి మీరే వచ్చి కుట్టాలి. నాకేం తెలుసు ఆ పని? కిటికీ కూడా తీసే ఉంచాను. వెలుతురు బాగుంది. లేవండి."

రెప్పలు అదిరాయి.

"చూశావా? వింటున్నారు!"

రెప్పలు మళ్ళీ అదిరాయి. కొద్దిగా తెరుచుకున్నాయి. అప్పుడు కుడిచేతి బొటనవేలు కదిలింది. చూపుడువేలికి వెళ్ళి తగిలింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ తగిలింది. మళ్ళీ.

తల్లి ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. నిన్నటి నుంచి ఆవిడ కళ్ళలో ఒక్క చుక్క నీరు లేదు. ఇప్పుడు చెంపల మీదుగా కారిపోతోంది.

"ముడేస్తున్నారే! దారం ముడేస్తున్నారు! అచ్చం అలాగే, వేలికి చుట్టి బొటనవేలితో నలుపుతున్నారు చూడు! మీరు ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉన్నారు. నాకు తెలుసు. ఒరేయ్, ఇలా రారా, నాన్న చేతిని చూడరా!"

అద్దం అవతల తమ్ముడు నుదురు అద్దానికి ఆనించి ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

నర్సమ్మ ఆ వేళ్ళను చూసింది. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, తల్లి చూసిందే తనూ చూద్దామనుకుంది. ముడే అనుకుందామనుకుంది. కానీ ఆమె కళ్ళు అప్పటికే తండ్రి ముఖం మీదికి వెళ్ళిపోయాయి. ఆయన కళ్ళు తల్లిని చూడటం లేదు, ఎవరినీ చూడటం లేదు. రెండూ ఎడమ వైపుకే లాక్కుపోతున్నాయి. రెప్ప ఎప్పుడు అదురుతోందో బొటనవేలు అప్పుడే కదులుతోంది.

ఆమె తన అరచేతిని ఆ వేళ్ళ మీద ఆనించి మెత్తగా అదిమింది. మనిషి కావాలని కదిపే వేలు అదిమితే ఆగుతుంది. ఇది ఆగలేదు. అరచేతి కింద అదే వేగంతో, అదే కొలతతో కొట్టుకుంటూనే ఉంది.

ఆగాయనుకున్న ఫిట్స్ ఆగలేదు. ఒళ్ళు ఊపడం మానేసి లోపల లోపలే నడుస్తున్నాయి.

నర్సమ్మ రెండో చేతిని మంచం తల వైపు పోనిచ్చి బెల్లు నొక్కింది. నొక్కి, ఈసారి తల్లి వైపు చూసింది. టైలరు చేతిని చెంపకి ఆనించుకుని ఆవిడ ఇంకా ఆయనతో వెలుతురు గురించి, కోటు గురించి మాట్లాడుతూనే ఉంది.

"అమ్మా" అంది నర్సమ్మ.

"ఏంటే?" అంది తల్లి, నవ్వు ముఖంతోనే.